శాలువా కప్పుకున్న బొమ్మ

నెమలిపురం రాజు మాధవభూపతికి ఒక సాయంత్రం విసుగు పుట్టింది. రాజులకు విసుగు పుడితే చుట్టూ ఉన్నవాళ్ళకి గండమే.

"ఏ బొమ్మలాట చూసినా ఇంతే! రాకుమారుడు అందగాడు, రాక్షసుడు అనాకారి. రాకుమారి మూర్ఛపోతుంది. ముని సరిగ్గా వేళకొచ్చి వరమిస్తాడు. చివరికి పెళ్ళి, భోజనాలు! మొహం మొత్తిపోయింది" అన్నాడు.

ఈ మాట కోసమే కాచుకున్నట్టు ఆస్థాన కథాపండితుడు జగ్గావధాని లేచాడు. పోయిన వసంతోత్సవంలో ఆయన కావ్యం చదువుతుంటే సభంతా కునికిపాట్లు పడింది. తర్వాత ఎల్లోజి తోలుబొమ్మలాట మొదలవగానే అదే సభ నిటారుగా కూర్చుంది. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు.

"ప్రభూ! కథలు నడిచే దారులన్నీ నాకు కంఠతా వచ్చు. రేపు ఎల్లోజి ఏ కథ ఆడినా, తర్వాత జరగబోయేది నేను ముందే చెబుతాను. చెప్పలేకపోతే తమరిచ్చిన ఈ శాలువా అతనికే ఇచ్చేస్తాను. చెబితే మాత్రం అతని బొమ్మలన్నీ నా వంటింటి పొయ్యిలోకి!"

రాజుకి హుషారు వచ్చింది. "భేష్! అలాగే కానివ్వండి" అన్నాడు. ఎల్లోజిని అడిగినవాళ్ళు లేరు. ఏనుగులు పందెం వేసుకుంటే గడ్డిపరకని అడుగుతాయా?

కబురు తెలిసిన ఎల్లోజి కోట గోడ పక్కన బొమ్మల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. రాజుగారికి తాంబూలం అందించే పేరిందేవి అటుగా వచ్చింది. ఆమె తాంబూలం కంటే ఆమె మాటే ఘాటని కోటలో చెప్పుకుంటారు.

"ఏం తాతా, పెట్టెని అట్లా వాటేసుకున్నావు?"

"ఏం చెప్పను తల్లీ! చిరిగిపోయిన బొమ్మనైనా మేం ఊరికే పారెయ్యం. ఏట్లో కలిపి, ఇంట్లో మనిషికి చేసినట్టు కర్మ చేస్తాం. అట్లాంటిది నిక్షేపంలాంటి వాటిని పొయ్యిలో పెడతాడంట! కొత్త కథ ఎక్కణ్ణించి తెచ్చేది? మా తాతలిచ్చినవి ఆ నాలుగే." అన్నాడు ముసలాయన.

"కొత్తదెందుకు? పాతదే చాలు. మీ హాస్యపు బొమ్మ తెర మీదికొస్తే ఆటలో ఏమన్నా తప్పు పట్టకూడదనే ఆచారం ఇంకా ఉందా?"

"ఎందుకు లేదు? తెర వెనక దీపం వెలుగుతున్నంతసేపూ ఏ బొమ్మ ఎవర్నేమన్నా రాజైనా కోప్పడకూడదు."

"అయితే మీ రాక్షసమంత్రి బొమ్మకి ఒక శాలువా కప్పు. మిగతాది నేను చెబుతాను."

మర్నాడు దీపాలు పెట్టే వేళకి తెర కట్టారు. జగ్గావధాని రాజుగారి పక్కన దర్జాగా కూర్చున్నాడు. ఆయనకో అలవాటు. ఏదైనా చెప్పే ముందు శాలువా ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మార్చి, గొంతు సవరించుకుని, "ఇదీ సంగతి" అంటాడు.

తెర మీద రాకుమారుడు కనిపించాడు. "ఇదీ సంగతి. ఇప్పుడు రాక్షసుడొస్తాడు" అన్నాడు అవధాని. రాక్షసుడు వచ్చాడు.

"ఇదీ సంగతి. రాకుమారి మూర్ఛపోతుంది." పాపం, ఆమె పడిపోనే పడిపోయింది.

రాజు ఆవలించాడు. అవధాని మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు తెర మూల నుంచి బొజ్జ ఊపుకుంటూ ఒక బొమ్మ వచ్చింది. ఒంటి మీద శాలువా. హాస్యపు బొమ్మ దానికి ఎదురెళ్ళి, "ఎవరండీ తమరు?" అంది.

ఆ బొమ్మ శాలువాని ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మార్చింది. గొంతు సవరించుకుంది. "ఇదీ సంగతి. నేను కథాపండితుణ్ణి!"

సభ గొల్లుమంది. రాణిగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

అవధాని చివాలున లేచాడు. ఆయన నోరు తెరిచేలోపే తెర మీది పండితుడు ఎగిరి, "ప్రభూ! ఇది అపచారం!" అన్నాడు.

"ఇక నేనిక్కడ..." అని అవధాని మొదలుపెట్టాడో లేదో, "ఒక్క క్షణం ఉండను!" అని బొమ్మ పూర్తిచేసింది.

"కూర్చోండి అవధానిగారూ, ఎవరికంటే ఎవరు ముందు చెబుతున్నారో తెలియడం లేదు!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ.

ఆట సాగింది. తెర మీది పండితుడు బొమ్మలవాడితో పందెం వేశాడు. బొమ్మలు తగలబెట్టడానికి పొయ్యి కూడా రాజేశాడు. అంతలో మద్దెల ఆగింది. బొమ్మలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

పేరిందేవి రాజుకి తాంబూలం అందిస్తూ, "ప్రభూ, తర్వాత ఏం జరుగుతుందో పండితులవారు సెలవివ్వాలి కదా" అంది.

"అవునవును! చెప్పండి. మిడిసిపడ్డ ఈ పండితుడి గతి చివరికి ఏమవుతుంది?" అన్నాడు రాజు.

అవధాని లోలోపల లెక్కలు వేసుకున్నాడు. పండితుడు గెలుస్తాడందామా? గర్వించినవాడు గెలిచే కథ లోకంలో లేదని శిష్యులకి నేర్పింది తనే. పైగా బొమ్మని ఆడించే పుల్ల ఎల్లోజి చేతిలో ఉంది, ఓడించి తీరతాడు. పోనీ, గర్వభంగం అవుతుందందామా? తన ఓటమి తన నోటితోనే ఒప్పుకుని, తన గోతిలో తనే దిగినట్టు!

శాలువా ఎడమ నుంచి కుడికి మార్చాడు. కుడి నుంచి ఎడమకి మార్చాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

చివరికి, "ప్రభూ... ఈ కథ నాకు తెలియదు" అని గొణిగాడు.

పేరిందేవి చేతులు జోడించింది.

"కథ తెలియకేం ప్రభూ! అందులో తామూ ఉన్నామన్న సంగతే అవధానిగారికి తెలియలేదు."

రాజు నవ్విన నవ్వుకి నోట్లో తాంబూలం పొలమారింది. అవధాని శాలువా తీసి, తలవంచుకుని తెర దగ్గర పెట్టాడు. వెనకనుంచి ఒక ముడతల చెయ్యి వచ్చి దాన్ని పదిలంగా లోపలికి తీసుకుంది. బొమ్మల పెట్టెలో పరుపుగా వేశాడట ఎల్లోజి.

"పేరిందేవీ, నీకేం కావాలో కోరుకో!" అన్నాడు రాజు.

"రేపటి ఆటకి కూడా అవధానిగారు రావాలి ప్రభూ. ఆయన ఆటలో ఉంటే తమరికి ఆవలింతలు రావడం లేదు."

రాజు తన మెళ్ళోని ముత్యాల పేట తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మరి ఈ కథకి ముగింపేమిటి? మళ్ళీ ఆ పెళ్ళి, భోజనాలేనా?" అని అడిగాడు.

దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. హాస్యపు బొమ్మ తెర మీదికి తొంగిచూసింది.

"పెళ్ళి లేదు ప్రభూ, ఉత్త భోజనాలే! వంట అవధానిగారి పొయ్యి మీద. ఎలాగూ రాజేసి ఉంచారు!"