మూసిన కిటికీ

పృథ్వీనాథ్‌కి ఒళ్లు మండిపోయింది. మత్తు ఎంత చక్కగా ఇచ్చాడు! బీపీ పడిపోలేదు, నాడి తప్పలేదు. అలాంటిది చెవి సర్జన్ అందరి ముందూ "నా ఆపరేషన్ పాడుచేస్తావా?" అని అరిచి వెళ్లిపోయాడు.

"పేషెంట్‌కి వాంతులు కాకుండా మందిచ్చాను మేడమ్. అయినా అయ్యాయి. నా తప్పేంటి?" అన్నాడు జుబేదా మేడమ్ దగ్గరికి వెళ్లి. ఆ ఆసుపత్రిలో మత్తు వైద్యం నేర్చుకునేవాళ్లందరికీ ఆవిడే గురువు.

మందిచ్చాడట! ఇచ్చాడు, ఒకటి. అందరికీ ఇచ్చేదే. చెవి పొరకి అతుకు వేయించుకోడానికి వచ్చిన గవరమ్మ పొద్దున్నే చెప్పింది. "బస్సెక్కితే చాలు బావూ, కడుపులో తిప్పేస్తాది. ముందటి ఆపరేషన్‌కి కూడా ఒకటే వాంతులు."

"ఇది బస్సు కాదులేమ్మా" అని నవ్వేశాడు.

అన్నీ విని కూడా ఒక్క మందుతో సరిపెట్టినవాడికి కోపమొకటి! రావాల్సింది గవరమ్మకి. ఏళ్ల తరబడి చీము కారిన చెవి ఆవిడది. కక్కినప్పుడల్లా ఒత్తిడంతా తలలోకి పోతుంది. ఆ పల్చటి అతుకు కాస్తా ఊడిందంటే మళ్లీ మొదటికొస్తుంది.

జుబేదా మేడమ్ "పద" అని లేచింది.

గవరమ్మ తలకి కట్టుతో, ఒళ్లో ట్రేతో ఒక పక్కకి ఒరిగి ఉంది. వెనక క్యాంటీన్‌లో ఎండు నెత్తళ్ల చేపలు వేపుతున్నారు. ఆ వాసన గదంతా కమ్మేసింది. పాపం, ఆవిడ మళ్లీ ఓకరించింది.

"ఇంకో డోసు వేస్తాను మేడమ్" అంటూ పృథ్వీనాథ్ ఇందాకటి మందే సిరంజిలోకి ఎక్కించాడు.

"వేద్దువుగాని. ముందు ఆ కిటికీ మూయి."

గదికి క్యాంటీన్ వైపు మూడు కిటికీలు. మంచం పక్కనున్నది మూసి వచ్చాడు. వాసన తగ్గలేదు.

"ఇంకా వస్తోంది. వెళ్లి మూయి" అంది.

అతను తక్కిన రెండింటి వైపు నడవబోయాడు.

"అటు కాదు. అదే."

"అది మూశాను కదా మేడమ్."

"మళ్లీ మూయి."

గవరమ్మ మళ్లీ ట్రే మీదికి వంగింది. పృథ్వీనాథ్ ఇక ఆగలేకపోయాడు. "పేషెంట్ అక్కడ అవస్థ పడుతుంటే ఏంటి మేడమ్ ఇది? మూసిన కిటికీనే మళ్లీ మూస్తే ఏం లాభం? వాసన వేరే దారిన వస్తోంది కదా!"

మేడమ్ అతని చేతిలోని సిరంజి వైపు చూసింది.

అతనూ చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. సిరంజి పక్కన పెట్టేసి, రెండు కిటికీలూ మూసి, మందుల సొరుగు లాగి, వాంతుల్ని వేరే దారిన ఆపే మందు తీసి ఎక్కించాడు.

కాసేపటికి గవరమ్మ ట్రే పక్కకి నెట్టి కళ్లు మూసుకుంది. అతుకు నిలిచిందో లేదో కట్టు విప్పితేగాని తెలియదు.

పృథ్వీనాథ్ తలెత్తలేదు. తలుపు దగ్గర ఆగి మేడమ్ అంది.

"రేపు ఇంకో చెవి ఆపరేషన్ ఉంది. క్యాంటీన్ వాళ్లు పొయ్యి వెలిగించకముందే అన్నీ మూయి."