మూడో పీక

సైదులుకి శ్రుతి నిలవడం లేదు. మూడు వారాలుగా ఇదే బెంగ.

సన్నాయి మేళంలో కొత్త శిష్యుడి పని ఒక్కటే. గురువు వెనక కూర్చుని, శ్రుతి సన్నాయి మీద ఒకే స్వరాన్ని ఊదుతూ ఉండాలి. సన్నాయి మూతికి ఉండే రెల్లు పీకని పెదాల మధ్య పట్టుకుని, బుగ్గల్లో గాలి ఉంచుకుని ముక్కుతో పీల్చుకోవాలి. గురువు ఆగొచ్చు, డోలు ఆగొచ్చు, శ్రుతి ఆగకూడదు. నిరుడు అరగంట సేపు హాయిగా ఊదినవాడు, ఇప్పుడు అయిదు నిమిషాలు లాగలేకపోతున్నాడు. ఎల్లుండే శ్రీరామనవమి. రాములవారు తాళి కట్టే వేళకి శ్రుతి తెగితే? ఊరంతా పందిట్లోనే ఉంటుంది!

పొద్దున్నే వెళ్లి గురువు ఖాదర్‌వలీ సాహెబ్ ముందు నిలబడ్డాడు.

"గురువుగారూ, ఈ పీక కూడా బాగాలేదండీ. గాలి పోవట్లేదు."

"మొన్నేగా మార్చావు?"

"రెండు మార్చానండీ. ఇది మూడోది."

అంటూనే దగ్గాడు. పదహారేళ్లవాడికి ఏం దగ్గండీ అది! నాలుగు నెలలుగా నిద్ర లేవగానే అదే. మేడ మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. అయినా పాపం పీకదేనట! సినిమాహాలు వెనక సిగరెట్లు కాల్చి వచ్చి, ఏలక్కాయ నమిలితే ఎవరికీ తెలియదనుకున్నాడు పిచ్చి సన్నాసి.

సాహెబ్‌కి డెబ్బై దగ్గర పడ్డాయి. ఆయన వాడి శ్రుతి సన్నాయి తీసుకుని, పీకని కండువాతో తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. ఏలక్కాయ వెనక పొగాకు వాసన తగిలి ఒక్క క్షణం ఆగాడు. పీక బయటికి తీసి, వాడి ముఖంలోకి చూసి, తన సన్నాయి వాడి చేతికిచ్చాడు.

"మోహన వాయించు. నీకు నేను శ్రుతి పడతా."

గురువు శిష్యుడికి శ్రుతి పట్టడం ఎక్కడైనా ఉందా? కాదనే ధైర్యం మాత్రం సైదులుకి లేదు. కూర్చుని మొదలుపెట్టాడు.

పైస్థాయి అందుకోబోయేసరికి ఛాతీలో పిల్లికూతలు. రాగం సగంలో తెగింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ తెగింది. మూడోసారి దగ్గు ముంచుకొచ్చి సన్నాయి ఒళ్లో పెట్టేసుకున్నాడు.

వెనక శ్రుతి మాత్రం సాగుతూనే ఉంది, వాడు బాగాలేదన్న పీక మీదే. వాడికి ఏడుపొచ్చింది. ముసలాయన అప్పటికీ ఆపలేదు.

"సిగరెట్లండీ," అన్నాడు చివరికి. "రోజుకి అయిదు తాగుతున్నా. మానేస్తానండీ, నిజంగా. నా ఊపిరి మళ్లీ వస్తుందా గురువుగారూ? ఎల్లుండి నన్ను కూర్చోనిస్తారా?"

అప్పుడు సాహెబ్ ఊదడం ఆపాడు. ఆయనకి ఆయాసం లేదు. కళ్లలో మాత్రం వాడి గురించిన భయం కనిపించింది. వాడి వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఎల్లుండి కుదరదురా. ఇంకొకడిని పిలుస్తా. నువ్వు మాత్రం రోజూ పొద్దున్నే రా."

సైదులు ఒళ్లోని సన్నాయి తీసి ఆయనకి తిరిగి ఇవ్వబోయాడు.

"నాకొచ్చిన రాగాలన్నీ నీకిస్తాను," అన్నాడు సాహెబ్. "అడిగితే ఈ సన్నాయి కూడా ఇచ్చేస్తాను. ఊపిరి మాత్రం నీ ఇంటి నుంచే తెచ్చుకోవాలిరా నాయనా."