సున్నుండ మీద విచారణ

ఒకానొక రాజ్యంలో, పటంలో వెతికితే దొరకదు గాని, చండవిక్రముడనే రాజుగారు ఉండేవారు. యుద్ధంలో ఆయన వెనకడుగు వేసిన పాపాన పోలేదు. భోజనం దగ్గరా అంతే. పెరుగన్నం అయ్యాక సున్నుండల పళ్ళెం వచ్చేది, ఖాళీగా తిరిగి వెళ్ళేది.

నలభయ్యో ఏట రాజుగారి కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. నెల దాటినా మానలేదు. ఆస్థాన వైద్యుడు వీరభద్రాచారి నాడి చూశాడు, నాలుక చూశాడు, చివరికి పుండు చూసి తల పంకించాడు.

“ప్రభూ, మధుమేహం గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రానిస్తే కాలు దక్కడం కష్టం. ఇకనుంచి కొర్రన్నం, కాకరకాయ కూర తినండి. పొద్దున్నే కోట చుట్టూ మూడుసార్లు నడవండి. తీపి మాత్రం నోట పెట్టవద్దు.”

ఇంకొకరైతే సరేనని ఊరుకునేవారు. మన రాజుగారు ఏం చేసినా బాజాలు మోగాలి. మర్నాడే సభ పిలిచి, తీపి మానేస్తున్నామని ప్రకటించారు. ఆ పూటే తమకు తామే ‘జితేంద్రియ’ అనే బిరుదు తగిలించుకున్నారు. ఇంద్రియాలను గెలిచినవాడని దానర్థం. అప్పటికి ఒక్క పూట కూడా గెలవలేదు లెండి. భట్రాజు మాత్రం ఆ బిరుదును రోజూ గొంతెత్తి చదివేవాడు.

మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు రాజుగారు వంటశాల పక్కగా వెళుతుంటే, వేయించిన మినుముల వాసనా కాగిన నెయ్యి వాసనా కలిసి వచ్చాయి. పురిటికి వచ్చిన రాజకుమార్తె కోసం నాంచారమ్మ సున్నుండలు చుట్టి పెట్టింది. ఆ వంటశాలలో తీపి వంటలన్నీ నలభై ఏళ్ళుగా ఆమె చేతివే. ఆమె బావి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి ఇరవై ఉండల్లో ఒక్కటే మిగిలి ఉంది. పళ్ళెం పక్కనే రాజుగారు ఉన్నారు. ఆయన మీసాలకు సున్నుండ పొడి ఉంది.

సరిగ్గా అప్పుడే మంత్రీ వైద్యుడూ అటు వచ్చారు. తిన్నానని ఒప్పుకుంటే బిరుదు ఏమైపోతుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రాజుగారు నాంచారమ్మ వైపు వేలు చూపించారు.

“ఈవిడ కావాలనే ఆ వాసన మా మీదికి వదిలింది. ఆ సున్నుండ మమ్మల్ని ఈడ్చుకొచ్చింది. ఇది రాజద్రోహం. విచారణ జరిపి ఈమెను నది అవతలికి వెళ్ళగొట్టిస్తాం. తీర్పు వచ్చేదాకా తీపి వంటశాలకు తాళం వెయ్యండి. ఊళ్ళో ఒక్క మిఠాయి పొయ్యి కూడా వెలగకూడదు.”

తన తప్పు తెచ్చి వంటమనిషి నెత్తిన రుద్దేవాణ్ణి ఏమనాలో నాకు తెలుసు. రాజుగారు కనుక అనను.

ఆ ఆస్థానంలో ఏకాంబరం అనే హాస్యగాడు ఉండేవాడు. సాయంత్రం అతను ఆమె ఇంటికి వెళ్ళేసరికి నాంచారమ్మ మూట కట్టుకుంటోంది.

“నది అవతల నాకెవరున్నారు నాయనా?” అంది. “ప్రభువు ఏడేళ్ళ వాడప్పుడు, తల్లి పోయిందని ఏడుస్తుంటే, చేతిలో సున్నుండ పెట్టి ఊరుకోబెట్టింది నేనే. ఆ అలవాటు నేను చేసిందే. తప్పు నాదేనేమో.”

ఏకాంబరానికి మనసు చివుక్కుమంది. “మూట విప్పు పిన్నమ్మా. నీ సున్నుండ ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?”

“తడి తగలకపోతే నెల రోజులు. ఎందుకు?”

“ఆ మిగిలిన ఒక్కటీ జాగ్రత్తగా దాచు. నిన్ను కాపాడేది అదే. కుదిరితే ఆయన కాలును కూడా.”

ఆ రాజ్యంలో రాజుగారి తాతగారు పెట్టిన కట్టుబాటు ఒకటి ఉంది. ఏ వస్తువు మీద తగాదా వస్తే, ఆ వస్తువును తీర్పు దాకా సింహాసనం ముందే ఉంచాలి. సాక్షులందరూ అయ్యేదాకా తీర్పు చెప్పకూడదు. ఈలోగా ఫిర్యాదు చేసినవాడు దాన్ని ముట్టుకుంటే, ఎదుటివాడికి కోరిన శిక్ష తానే అనుభవించాలి. అంతకు ముందేడు గేదె తగాదా వస్తే, గేదెను పదకొండు రోజులు సభలోనే కట్టేశారు. తివాచీలు పాడవుతున్నాయని ఎంత మొత్తుకున్నా రాజుగారు వినలేదు. తాతగారి మాటంటే ఆయనకు వేదం.

మర్నాడు సభలో ఏకాంబరం లేచి చేతులు కట్టుకున్నాడు.

“ప్రభూ, తమరి ఫిర్యాదు ప్రకారం తమర్ని ఈడ్చుకొచ్చింది సున్నుండ. అంటే మొదటి ముద్దాయి అదే. తాతగారి కట్టుబాటు ప్రకారం దాన్ని తమరి ముందు ఉంచాలి.”

సభ గొల్లుమంది. రాజుగారు మాత్రం నవ్వలేదు. ఫిర్యాది ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. వద్దంటే తాతగారి మాట పోతుంది. ఫిర్యాదు వెనక్కు తీసుకుంటే బిరుదు పోతుంది.

“ఉంచండి,” అన్నారు.

వెండి పళ్ళెంలో సున్నుండను తెచ్చి, సింహాసనానికి మూరెడు దూరంలో పీట మీద పెట్టారు. నాంచారమ్మను ఎదురుగా నిలబెట్టారు.

“ముద్దాయి స్వభావం తెలియాలంటే దాన్ని పుట్టించినవాళ్ళను విచారించాలి,” అన్నాడు ఏకాంబరం. “రోజుకొక సాక్షిని పిలిపిస్తాను.”

మొదటి రోజు మినుములు పండించిన రైతు వచ్చాడు. రెండో రోజు బెల్లం వండినవాడు. మూడో రోజు నెయ్యి అమ్మినవాడు. అతని గేదెను కూడా పిలిపిస్తానంటే సభ యావత్తూ వద్దని దండం పెట్టింది.

రాజుగారి చెవికి ఒక్క సాక్ష్యమూ ఎక్కలేదు. చూపంతా పళ్ళెం మీదే. చెయ్యి తనంతట తనే లేస్తుంటే తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు. దాని మీద గుడ్డ కప్పించబోతే, “ముద్దాయికి ముసుగు వెయ్యమని తాతగారు చెప్పలేదు ప్రభూ,” అన్నాడు ఏకాంబరం.

ఏడో రోజు ముసురు పట్టింది. ఆ చల్లగాలికి నెయ్యి వాసన సభంతా కమ్ముకుంది. రాజుగారు పొద్దున ఏమీ తినకుండా వచ్చారు. ఆకలి మీద ఉన్న మనిషికి నీతి ఎక్కడ గుర్తుంటుంది? తొడ కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది. పీట దాకా వెళ్ళింది. వేళ్ళు ఉండకు అంగుళం దూరంలో ఉన్నాయి. ఆ అంగుళం దాటితే నాంచారమ్మకు విడుదల, రాజుగారికి నది అవతలి ఒడ్డు. ఏకాంబరం కూడా బిగుసుకుపోయాడు.

“వద్దు నాయనా,” అంది నాంచారమ్మ.

ప్రభూ అనలేదు, ఏలినవారూ అనలేదు. ఏడేళ్ళ పిల్లవాణ్ణి పిలిచినట్టే పిలిచింది. రాజుగారు ఆమె ముఖం చూశారు. ముట్టుకుంటే తనకు మేలని ఆమెకు తెలుసు. అయినా వద్దంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆ సాయంత్రం వానలోనే కోట చుట్టూ మూడుసార్లు నడిచారు. ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత రాజుగారు నిజంగానే పంతం పట్టారు. ఖాళీ కడుపుతో సభకు రావడం మానేశారు. కొర్రన్నం కడుపునిండా తిని, మజ్జిగ తాగి, బుగ్గన లవంగం పెట్టుకుని వచ్చేవారు. నోరు పీకినప్పుడు సాక్షి తలపాగా మడతలు లెక్కపెట్టేవారు. ఒక్క గడియ ఓపిక పడితే ఆ పీకుడు తనంతట తనే అలిసిపోతుందని పదో రోజుకు కనిపెట్టారు. మళ్ళీ వచ్చేది, ఆయనా మళ్ళీ లెక్కపెట్టేవారు. ఇంత కష్టమైన యుద్ధం ఆయన సరిహద్దుల్లో కూడా చెయ్యలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున వీరభద్రాచారి కట్టు విప్పాడు. పుండు ఎండి చెక్కు కట్టింది. ఆయన మళ్ళీ మళ్ళీ చూసి, రాజుగారి కాలు కళ్ళకద్దుకున్నాడు.

ఆ రోజు సభలో ఏకాంబరం అన్నాడు: “ఆఖరి సాక్షి తమరే ప్రభూ. అడగమంటారా?”

“అడుగు.”

“ఇరవై ఒక్క రోజులుగా ఈ సున్నుండ తమరి ముక్కు కిందే ఉంది. వాసన పోయిందా?”

“పోలేదు.”

“తమర్ని పిలవడం మానిందా?”

“మానడమా? నిద్రలో కూడా పిలిచింది.”

“మరి ఈడ్చుకెళ్ళిందా?”

రాజుగారికి రోషం వచ్చింది. “పిలిచినంత మాత్రాన పోతామా? వెళ్ళకూడదనుకున్నాం, వెళ్ళలేదు.”

ఏకాంబరం లేఖకుడి వైపు తిరిగాడు. “ప్రభువుల మాట ఉన్నదున్నట్టు రాయండి. వెళ్ళకూడదనుకున్నారు, వెళ్ళలేదు.” తర్వాత రాజుగారికి నమస్కరించాడు. “విచారణ ముగిసింది ప్రభూ. మొన్నటి ఆ నాలుగో రోజు సంగతి నేను అడగను.”

రాజుగారు సున్నుండను చూశారు, మానిన వేలిని చూశారు. ముందు మీసాలు కదిలాయి. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పొట్ట కూడా కాస్త తగ్గింది.

“సున్నుండ నిర్దోషి. నాంచారమ్మ నిర్దోషి. ఆ రోజు మేమే వెళ్ళాం, మేమే తిన్నాం. పంతొమ్మిది.” సింహాసనం దిగి నాంచారమ్మ ముందు నిలబడ్డారు. “నీ మీద నింద వేశాను. తప్పు నాది అమ్మా.”

“తిన్నందుకు కాదు నాయనా, నా మీద పెట్టినందుకే ఏడ్చాను,” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. “రేపటి నుంచి కాకరకాయ నేనే వండుతాను. చేదు తెలియకుండా వండటం నాకు వచ్చు.”

రాజుగారు తమ చేతి బంగారు కడియం తీసి ఏకాంబరానికి తొడిగారు. “ముద్దాయిని కూడా నీకే అప్పగిస్తున్నాం,” అన్నారు. ఏకాంబరం ఒక్క క్షణం ఆగలేదు, అక్కడే నోట్లో వేసుకున్నాడు. రాజుగారు గుటక వేశారు గాని కదలలేదు.

సభ ముగిస్తూ భట్రాజు “జితేంద్రియ” అని అందుకోబోయాడు. రాజుగారు చెయ్యెత్తి ఆపారు.

“ఆ బిరుదు తీసెయ్యి. రోజూ పొద్దున మా దగ్గరికి రా. ఆ రోజు ఏం చదవాలో మేమే చెబుతాం.”

మర్నాటి నుంచి భట్రాజు “నిన్న తీపి ముట్టని మహారాజు” అని చదవసాగాడు. ఎప్పుడైనా పండగ వెళ్ళిన మర్నాడు ఆ మాట దగ్గర దగ్గి దాటేసేవాడు. సభలో ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ మర్నాడు ఆ మాట మళ్ళీ వినిపించేది, ముందుకన్నా కాస్త గట్టిగా.