కుందేలు వాకిట్లో కిత్తనార

లంబసింగి కొండ మీద పాంగి సోమన్నకు కూరల తోట ఉంది. దాని అంచున, రాళ్ల వాలులో, ఒక ముసలి కిత్తనార ఉండేది. చేయంత మందం మట్టలు, అంచులకు ముళ్లు, కొసన దబ్బనంలాంటి మొన. ఆ మట్టల కింద ఒక కుందేలు బొరియ తవ్వుకుని పిల్లలతో కాపురముండేది. కాపాడుతోందని కిత్తనారను అమ్మా అని పిలిచేది.

పుష్యమాసంలో అక్కడ గడ్డి మీద మంచు ఉప్పులా పేరుకుంటుంది. చిక్కుడు పాదులు మాడిపోతాయి. కిత్తనార మాత్రం ఏ ఏడూ చలికి చావలేదు. వాలులో నీరు నిలవదు, నీరు నిలవకపోతే దాని వేరు కుళ్లదు.

ఒక నక్క మూడేళ్లుగా ఆ పిల్లల కోసం తిరుగుతోంది. వచ్చిన ప్రతిసారీ మూతికి ముల్లు దిగి వెనక్కి పోయేది.

ఆ ఏడు చలి తగ్గగానే కిత్తనార మొవ్వులోంచి తాటిచెట్టంత కాడ లేచింది. కొసన పచ్చటి పూలు గుత్తులు గుత్తులుగా విచ్చాయి. కుందేలు సంబరపడింది. కానీ పూలు రాలేసరికి మట్టలు ఒక్కొక్కటే వాలి ఎండసాగాయి. కుందేలుకు మేత సయించలేదు.

నక్క వచ్చి దూరంగా కూర్చుంది.

"ఏమ్మా కోడలా, మీ అమ్మకి జబ్బు చేసిందా?"

"పరామర్శకే వచ్చావా మామా?"

"నా మూతి చూడు. దాని బలం నాకు తెలిసినంత నీకూ తెలియదు. అలాంటిది వాలిపోతుంటే కడుపు తరుక్కుపోతోంది. దాని మొదలు చుట్టూ లేచిన ఆ పిలకలు చూశావా? సత్తువంతా అవే లాగేస్తున్నాయి. పీకి పారెయ్. వారంలో లేస్తుంది."

ఆశ పడ్డవాళ్లకు చెప్పేదెవరో కనపడదు. కుందేలు ఆ పూటే తవ్వడం మొదలుపెట్టి ఆరు పిలకలూ పెకలించింది. పక్కన మేస్తున్న సోమన్న ముసలి ఎద్దు తలెత్తింది.

"ఏం చేస్తున్నావే?"

"అమ్మను బతికించుకుంటున్నా, తాతా."

"అది బతకదు."

కుందేలు ఉలిక్కిపడింది.

"ఇది ఒక్కసారే పూస్తుంది. పూశాక పోతుంది" అంది ఎద్దు. "మా నాన్న ఈ తోట దున్నేటప్పుడు దీని తల్లి ఇక్కడే పూసి పోయింది. నువ్వు అమ్మా అంటున్నది అప్పటి పిలకే."

కుందేలు చాలాసేపు ఏడ్చింది. ఎద్దు ఆగమనలేదు.

"మరి నా పిల్లలకు దిక్కెవరు?"

"నువ్వు పీకి పడేసినవే. బొరియ చుట్టూ రాళ్లు పేర్చి, వాటి సందుల్లో నాటు. నీరు నిలవనివ్వకు."

"ఇంత చిన్నవి మంచుకు తట్టుకుంటాయా తాతా?"

"ముల్లు వాటికి ఎవరు నేర్పారు? చలికి ఓర్చుకోవడమూ అంతే."

కుందేలు ఆరింటినీ నాటి, పైన ఎండు మట్టలు కప్పింది.

నాలుగు రోజులకు నక్క కేకేసింది. "పీకావా కోడలా?"

"ఆరూ పీకాను మామా."

నక్క ఓపిగ్గా కాచుకుంది. వానలు వెళ్లాయి. మంచు కురిసింది. పుష్యమాసంలో ఒక ఉదయం ముసలి కిత్తనార మొదలంటా విరిగి పడింది. కుందేలు పిల్లలను వెనక్కి నెట్టి, బొరియ నోటికి అడ్డంగా నిలబడింది. నక్క కంటికి ఎండు మట్టలు తప్ప ఏమీ కనిపించలేదు. ఒక్క ఉరుకు ఉరికింది.

మట్టల కింద ఆరు పిలకలూ పచ్చగా, నిటారుగా ఉన్నాయి. నక్క రొమ్ములో రెండు మొనలు దిగాయి, కంట్లో ఒకటి.

"పీకానన్నావు కదే!" అని అరిచింది.

"పీకాను మామా. నాటలేదని అన్నానా?"

నక్క నెత్తురోడుతూ కొండ దిగి పోయింది. మళ్లీ ఆ వాలు ఎక్కలేదు. కుందేలు బయటికొచ్చి, పడిపోయిన కిత్తనార పక్కన ఎండ వచ్చేదాకా కూర్చుంది.

పోయేవాళ్లను ఆపడం మన చేతిలో లేదు. వాళ్లు విడిచివెళ్లినదాన్ని నిలబెట్టడం మన చేతిలో ఉంది.