అసిరమ్మ గడ్డంలో సూదులు

పైడిరాజు గారు సూటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. మలేసియాలో, ఈపో పట్నంలో, ఏళ్ళ తరబడి పళ్ళ డాక్టరు. శిష్యురాలు మృణాళిని ఏదడిగినా ఓ ముచ్చట చెప్పి ఊరుకుంటారు. ఆ వేళ ఆ అమ్మాయి ఎవరిదో ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చింది. దవడ నీడ మీద సన్నని తెల్లటి గీతలు. అందం కోసమో, మాట చెల్లాలనో అక్కడివాళ్ళు మంత్రించి చర్మం కింద గుచ్చించుకునే బంగారు సూదులు.

"ఇంత మూఢత్వం కళ్ళబడితే పీకి పారేయక చూస్తూ ఊరుకోవడమేనా, గురువుగారూ?"

"నేనూ నీలాగే ఎగిరినవాణ్ణేనమ్మాయ్," అని ఆయన మొదలుపెట్టారు.

ఆయన కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు, రబ్బరు తోట నుంచి అసిరమ్మ అనే ముసలావిడ పుచ్చుపన్నుతో వచ్చిందట. ఫిల్ములో సూదులు బయటపడ్డాయి. ఈ మహానుభావుడు ఆవిడతో ఒక్క మాటైనా అనకుండా, వెంట వచ్చిన కొడుక్కి చూపించాడు. కొడుక్కి తల కొట్టేసినట్టయింది. "పన్నుతోపాటు ఆ దరిద్రం కూడా తీసెయ్యండి. నేను నలుగురిలో తిరగాలి," అన్నాడు.

అసిరమ్మ ఏమీ దాచలేదు. ఒకప్పుడు తోట దొర పచ్చి బాలింతలను కూడా రబ్బరు చెట్లు గియ్యడానికి తోలేవాడు. అడగడానికి ఆడవాళ్ళంతా ఈవిణ్ణి ముందుకు తోశారు. ఈవిడకేమో దొర పేరెత్తితేనే నోరు పిడచకట్టుకుపోయేది. మాట చెల్లాలని మలాయి మంత్రసాని గడ్డంలో ఆ సూదులు గుచ్చింది. మర్నాడు అసిరమ్మ బంగళా మెట్ల మీద నిలబడి దొరను కడిగేసింది. ఆ తరవాత బాలింతల జోలికి వాడు రాలేదు.

"అదంతా ఉత్తిదమ్మా, సూదుల్లో ఏ మహిమా లేదు," అని కుర్ర డాక్టరు దబాయించాడు.

"లేదా? మరా దినం దొరని నిలదీసింది ఎవులు?"

"నువ్వే!"

అసిరమ్మ కుర్చీలో లేచి కూర్చుంది. "నానే గదా! ఇప్పుడూ నానే సెప్తన్నాను. పన్ను పీకు. సూదుల మీద సెయ్యేసినావంటే ఆ సెయ్యి ఇరిసేస్తాను." ఆపైన కొడుకు వైపు తిరిగింది. "నీకు నామోసీ అయితే బయట కూకో. పురిట్లో నిన్ను నెల్లాళ్ళు ఒళ్ళో ఎట్టుకున్నానంటే ఆ రోజు నోరెత్తబట్టేరా!"

కొడుకు తల వంచుకుని బయటికి నడిచాడు.

మృణాళిని ఫిల్ము బల్ల మీద పెట్టింది. "మరి మీరేం చేశారు?" అంది.

"పన్ను పీకాను," అన్నారు పైడిరాజు గారు. "ఆ నోట్లో పుచ్చింది అదొక్కటే."