నూకరత్నం మింగేసిన ఒత్తులు

ఇలా దగ్గరికి జరగండర్రా. చెవులిచ్చిన ఆ నారాయణుడికి ఒక దండం పెట్టుకుని వినండి. ఊఁ కొట్టకపోతే మాత్రం చెప్పను!

అనగనగా బెల్లం వండే ఒక ఊళ్ళో నూకరత్నం అనే పిల్ల ఉండేది. రెండో తరగతి. పుస్తకం చదువుతుంటే ఒత్తులన్నీ మింగేసేది. పిల్లిని ‘పిలి’ అనేది, అత్తని ‘అత’ అనేది. బళ్ళో పిల్లలు పకపకా నవ్వారు. అప్పుడు నూకరత్నం నోరు మూసేసింది. "శుక్రవారం నాటికి పైకి చదవకపోతే మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోవాలి" అనేశారు మాస్టారు.

అప్పుడు పుస్తకం పట్టుకుని అక్క దగ్గరికెళ్ళింది. అక్క ఒక్క మాట పూర్తి కానిస్తేనా! "తప్పు. మళ్ళీ తప్పు. నీది నాలుకా, తాటిమట్టా?" అంది.

ఆ తర్వాత నాన్న దగ్గరికెళ్ళింది. నాన్న పొయ్యి దగ్గర బెల్లం పాకం కలుపుతున్నాడు. "చదవమ్మా, వింటున్నా" అన్నాడు. ఊఁ, ఊఁ అంటున్నాడు గానీ చూపంతా పాకం మీదే. పిల్లకి అనుమానమొచ్చింది. "అప్పుడు ఏనుగొచ్చి మా నాన్న మీసం పీక్కుపోయింది" అని చదివింది.

"ఊఁ" అన్నాడు నాన్న.

ఆ తర్వాత పక్కింటి మరిడమ్మ మామ్మ అరుగెక్కింది. మామ్మకి అక్షరం ముక్క రాదు. చింతపండులో గింజలు తీస్తోంది. పుస్తకం చూడగానే బుట్ట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, "కథా? చదువు తల్లీ" అంటూ ఎదురుగా కూర్చుంది. పిల్ల తడబడితే ఆగింది, కదిలితే ఊఁ కొట్టింది.

"గద కిందికి దిగి కోడిపిలని ఎతుకుపోయింది."

"అయ్యో రామా! భీముడి గదే? దానికి రెక్కలెప్పుడొచ్చాయే?"

నూకరత్నానికి నవ్వొచ్చింది. వేలు పెట్టి అక్షరం కిందికి చూసింది. అక్కడ దాక్కుని ఉంది ఒత్తు!

"గద్ద మామ్మా, గద్ద!"

"అదీ సంగతి. మరి పాపం, తల్లికోడి ఏం చేసిందే?"

ఏం చేసిందో చెప్పాలంటే చదవాలిగా! చదివింది. రోజూ వెళ్ళి చదివింది.

శుక్రవారం రానే వచ్చింది. మాస్టారు కొత్త పాఠం తీసి చేతికిచ్చారు.

"తాత తోటలో కొబరి..." అని ఆగింది నూకరత్నం. వెనక నుంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ పిల్ల తల ఎత్తలేదు. అక్షరం కిందికి చూసింది. "కొబ్బరికాయ కోశాడు" అంది. ఆ తర్వాత చివరిదాకా చదివేసింది.

"ఎవరే నీకు నేర్పింది?" అన్నారు మాస్టారు.

"ఎవరూ నేర్పలేదండీ. మామ్మ విందండీ."

అంతే. రేపు మీ తమ్ముడో చెల్లో పుస్తకం పట్టుకొస్తే, చేతిలో పని పక్కన పెట్టి వినండి. ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి, మళ్ళీ మళ్ళీ చెయ్యండి.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి.