నలభై మూడో విన్నపం

మేడూరు రాజు ఉదయభూపతి ఒకరోజు పొద్దున్నే వెల్లగొడుగు మీద మనసు పడ్డాడు. ఎండకి పట్టే గొడుగులు ఆయనకి పాతిక ఉన్నాయి. ఇది అలాంటిది కాదు. ఏటి వెంబడి ఉన్న ఐదు రాజ్యాల సమితి, ప్రజల్ని అందరికంటే బాగా చూసుకున్న రాజుకి ఇచ్చే గొడుగు.

ఆ సమితి సంగతి కొంచెం చెప్పాలి. కొట్టుకుని కొట్టుకుని విసిగిపోయిన ఐదుగురు రాజులూ పోయినేడు కలుసుకుని, రాగిరేకు మీద ఒక ఒడంబడిక రాయించుకున్నారు. విచారించకుండా ఎవర్నీ చెరలో వేయకూడదు, ఎవరి నోరూ నొక్కకూడదు, ఎంత పేదవాడైనా సొంత రాజు మీద సమితికి మొర పెట్టుకోవచ్చు అని. ఉదయభూపతి దాని మీద అందరికంటే పెద్ద ముద్ర వేశాడు.

సమితికి సైన్యం లేదు, కనీసం దుడ్డుకర్రైనా లేదు. తప్పు చేసిన రాజుకి "మిక్కిలి చింతిస్తున్నాం" అని తాటాకు కమ్మ పంపుతుంది. సిగ్గున్న రాజు దానికే దిగొస్తాడు. లేనివాడు దాంతో విసురుకుంటాడు. అయితే సిగ్గు లేనివాడికైనా పొగడ్త ఆశ ఉంటుంది కదా, అందుకని ఈ ఏడు గొడుగొకటి కుట్టించి, కావలసిన రాజు విన్నపం పెట్టుకోవాలన్నారు.

"మన మీద సమితికి ఒక్క మొరైనా వెళ్ళిందా?" అని రాజు సభలో అడిగాడు.

"ఒక్కటంటే ఒక్కటీ లేదు ప్రభూ!" అని మీసం దువ్వాడు దండనాథుడు భీమరసు.

అది నిజమే. ఎలా నిజమైందో రాజుగారి ఉత్తరాలు రాసే రాయసం గురవన్నకి తెలుసు. ఏ విన్నపమైనా ముందు సొంత రాజ్యం గుమ్మంలో వేయాలి, అక్కడ జవాబు పుచ్చుకున్నాకే సమితి దగ్గరికి రావాలి అని ఒడంబడికలో నియమం ఉంది. భీమరసు కోట వాకిట్లో ఒక చెక్కపెట్టె పెట్టించి, తాళం వేసి, దాన్ని తెరవడం మానేశాడు. కాదంటేగా జనం సమితికి వెళ్ళేది! పాపం, అతను ఎవర్నీ కాదనలేదు.

ఆ మధ్యాహ్నం గురవన్న ఇంటి అరుగు మీదకి ఓబులమ్మ వచ్చింది. ఆమె మొగుడు, నేతగాడు ఎల్లప్ప, ఎనిమిది నెలలుగా చెరలో ఉన్నాడు. అతని నేరమేమిటో పైకి చెప్పడానికి ఊళ్ళో అందరికీ భయమే.

"నెలకొకటి లెక్కన ఎనిమిది విన్నపాలు ఏసినా సామీ. ఔననొద్దు, కాదనైనా అనమను. ఆ కాదన్న ముక్క పట్టుకుని సమితికి నడిచి పోతా. మగ్గం గుంటలో పిల్లి పిల్లల్ని పెట్టింది సామీ," అని ఏడ్చింది.



"ఈసారి నువ్వు వేయకమ్మా. నేను వేస్తాను," అన్నాడు గురవన్న.

మర్నాడు రాజు అతన్ని పిలిచాడు. "గొడుగు మాకే ఇవ్వాలని సమితికి విన్నపం రాసి పంపు. పద్ధతి తప్పిందని తిప్పి పంపితే నీ తల ఉండదు!"

"పద్ధతి వెంట్రుకవాసి కూడా తప్పను ప్రభూ."

గురవన్న రాసి, ముద్ర వేయించుకుని, తిన్నగా తీసుకెళ్ళి వాకిట్లో పెట్టెలో పడేశాడు.

పౌర్ణమినాడు సమితి పెద్ద చెన్నాంబ, ఐదు రాజ్యాలూ చూసుకుంటూ గొడుగుతో మేడూరు వచ్చింది. ముసలావిడే గానీ పాము చెవులు. సభ కిటకిటలాడుతోంది. వాకిట్లో జనం మధ్య ఓబులమ్మ నిలబడి ఉంది.

"గొడుగు తెచ్చాను సరే, మీ విన్నపమేది రాజా? మాకు అందలేదే!" అంది చెన్నాంబ.

రాజు కళ్ళెర్రజేశాడు. "గురవన్నా!"

"ముందు సొంత గుమ్మంలో వేయాలని ఒడంబడిక ప్రభూ. రాజులకి మినహాయింపు ఉందేమోనని రాగిరేకు రెండు వైపులా వెతికాను. లేదు. వాకిట్లో పెట్టెలో వేసి, దండనాథులవారి జవాబు కోసం ఎదురు చూస్తున్నాను."

భీమరసు మొహం పాలిపోయింది. "అందులో ప్రభువులవారిది ఉందని తెలిస్తే వెంటనే తెరిచేవాణ్ణి!"

"అంటే మిగతావాళ్ళవి తెరవలేదన్నమాట," అంది చెన్నాంబ.

పెట్టె లోపలికొచ్చింది. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేదు, గొడ్డలితో పగలగొట్టారు. భీమరసు గబుక్కున పైనున్న కమ్మ అందుకోబోతే, చెన్నాంబ చేతికర్ర అడ్డం పెట్టింది.

"వరుస తప్పితే ఎలా నాయనా? అడుగున ఉన్నది ముందు."

"మాది ఎన్నోది?" అన్నాడు రాజు అసహనంగా. గురవన్న లెక్కపెట్టాడు.

"నలభై మూడోది ప్రభూ. ముందున్నవాళ్ళు ప్రభువుల కంటే గొప్పవాళ్ళేం కాదు. ముందు ఏడ్చినవాళ్ళు, అంతే."

రాజుకి ఒళ్ళు మండింది. కానీ గొడుగు ఎదురుగా తెల్లగా మెరుస్తోంది. "ఊఁ, చదవండి!" అన్నాడు.

అట్టడుగున ఉన్నది ఓబులమ్మ మొదటి విన్నపం. "నా మొగుడు ఎల్లప్పను ఏ నేరానికి చెరలో వేశారో చెప్పండి" అని ఉంది అందులో.

"చెప్పవయ్యా భీమరసూ, ఏం నేరం?" అన్నాడు రాజు.

"రాజద్రోహం ప్రభూ... అంటే... నవ్వాడు."

"ఎందుకు నవ్వాడు?"

భీమరసు నేల చూపులు చూశాడు. "జవాబు రాసుకోవాలి నాయనా," అంది చెన్నాంబ.

"దసరా ఊరేగింపులో నేను ఏనుగెక్కబోయి... జారి... పేడలో పడ్డాను."

రాజు పెదవులు బిగించాడు. బొజ్జ కదిలింది. ఇక ఆపుకోలేక సింహాసనం చేతులు పట్టుకుని పగలబడి నవ్వాడు. సభలో ఇంకెవరూ కిక్కురుమనలేదు. గురవన్న కంగారుగా చేతులు జోడించాడు.

"మెల్లగా ప్రభూ! ఆ నేరానికే ఎల్లప్పకి ఎనిమిది నెలలు గడిచాయి, ఇంకా విచారణ కూడా కాలేదు!"

దాంతో సభంతా గొల్లుమంది.

"ఎల్లప్పని ఇప్పుడే వదలండి! లేకపోతే పక్క గదిలో నన్ను వేయాల్సొస్తుంది!" అని రాజు కళ్ళు తుడుచుకుని, తన చేతి కంకణం తీసి గురవన్నకి తొడిగాడు. ఓబులమ్మ అదేమీ చూడలేదు. వదలండి అన్న మాట వినగానే చెర వైపు పరుగెత్తింది.

చెన్నాంబ గొడుగు ఒళ్ళో పెట్టుకుని స్థిమితంగా కూర్చుని, "రెండోది చదవండి," అంది.

సభ ఇంకా నవ్వుతూనే ఉంది. భీమరసు కూడా నవ్వాడు. నవ్వనివాళ్ళకి శిక్ష ఏమిటో రాజు ఇంకా చెప్పలేదు మరి.